సగము వలస క్షేమము కాదు

నాగరికత పెరిగిన కొలది మనుష్యుల నడుమ లేఖలు పెరిగినవి. రాజ్యములు నడచినది లేఖలతోనే. వర్తకము సాగినది లేఖలతోనే. మొగలుల కాలపు కాగితములు నేటికిని హైదరాబాదు తార్నాకలోని ప్రభుత్వ అభిలేఖాగారములో భద్రముగా ఉన్నవన్నచో, లేఖను దాచుట యెంతటి బాధ్యతయో మన పూర్వులు ఎరిగియుండిరని చెప్పవచ్చును. దక్కను ప్రాంతపు వ్యవహారములో 'అమానతు' అను మాట గలదు. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన సొమ్ము అని దాని భావము. కార్యాలయమునకు వచ్చిన లేఖ అట్టి అమానతే. కాగితము స్థానమున కంప్యూటరు వచ్చినది గాని, అమానతునకు జవాబుదారీ వహింపవలసిన ధర్మము మారలేదు.

ఈమెయిలు చరిత్ర దీర్ఘమైనది కాదు. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు లేఖను పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ, నేడు మనమందరము 'ఎట్' అని పలుకు గుర్తును నిలిపెను. 1982లో జోనాథన్ పోస్టెల్, ఈ లేఖలు ఒక సర్వరు నుండి మరియొక సర్వరునకు ఏ నియమములతో పోవలెనో వ్రాసి ప్రకటించెను. సవరణలు పొందుచు ఆ నియమావళి నేటికిని నడుచుచున్నది. తరువాత 1996లో రెండు సంగతులు జరిగినవి. మైక్రోసాఫ్టు కంపెనీ, కార్యాలయములు తమ లేఖలను తమ యంత్రముల మీదనే ఉంచుకొనుటకు 'ఎక్స్ఛేంజి సర్వరు' అను సాధనమును విడుదల చేసినది. అదే యేడు భారతదేశమున పుట్టిన సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి 'హాట్‌మెయిల్'ను స్థాపించెను. ఏ కంప్యూటరు ముందు కూర్చుండినను తన లేఖలు తాను చదువుకొనవచ్చునని లోకమునకు చూపెను. మరుసటి యేడాది దానిని మైక్రోసాఫ్టే కొనుగోలు చేసినది. మొదటిది లేఖలను మన యింట దాచు మార్గము. రెండవది ఒరుల యింట దాచు మార్గము. ఈ రెండు మార్గములును నేడు అనేక కంపెనీలలో ఒకే కప్పు క్రింద కలిసి కాపురము చేయుచున్నవి. ఆ కాపురము ఇంకను ఎంతకాలము అనునదే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

ఇది ఇంజనీర్ల గొడవ గదా, భాష బోధించువారికి దీనితో పని యేమి అని కొందరు అడుగవచ్చును. లేఖ యెవరి యింట ఉన్నది, దాని తాళపుచెవి యెవరి చేత ఉన్నది అను ప్రశ్న యంత్రమునకు సంబంధించినది కాదు, విశ్వాసమునకు సంబంధించినది. అంతేకాక, మన కళాశాలలో పట్టము పుచ్చుకొనిన యువకులు, యువతులు హైదరాబాదులో వెదకుకొను ఉద్యోగములలో ఈ పని ఒకటి. 1998 నుండి మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రము ఈ నగరమున ఉన్నది. 2022 నవంబరులో అమెజాన్ కంపెనీ తన క్లౌడు కేంద్రములను హైదరాబాదులో ప్రారంభించినది. పేరులో మేఘమున్నను క్లౌడు ఆకాశమున లేదు. అది గోడలు, పైకప్పు, విద్యుత్తు, నీరు, కాపలా గల భవనమే. మన పొరుగున లేచిన భవనమును గూర్చి మనము తెలిసికొనుట ఉచితము.

మొదట వ్యవస్థను స్థూలముగా వివరింతుము. ఒక కంపెనీలో వేయిమంది ఉద్యోగులు గలరనుకొందము. ఇరువది యేండ్లుగా వారి లేఖలన్నియు కార్యాలయమునందలి ఒక చల్లని గదిలో, కంపెనీ సొంత సర్వరు మీద ఉన్నవి. 2011లో మైక్రోసాఫ్టు 'ఆఫీస్ 365' అను పేరుతో చందా పద్ధతిని తెచ్చినది. తలకింత అని నెలనెల చందా కట్టినచో లేఖలను ఆ కంపెనీయే తన కేంద్రములలో ఉంచి కాపాడును. 2015 నుండి అట్టి కేంద్రములు మన దేశమున పుణె, ముంబయి, చెన్నై నగరములలో గలవు. వేయిమంది లేఖలను ఒక్క రాత్రిలో తరలింపజాలరు గనుక, నడుమ ఒక వంతెన వేసిరి. కొందరి పెట్టెలు ఇంటి సర్వరులో ఉండును. కొందరివి క్లౌడులో ఉండును. అయినను చిరునామాల పట్టిక ఒక్కటే; ఒకరి క్యాలెండరును మరియొకరు చూడగలరు; లేఖ వ్రాయువానికి తేడా తెలియదు. ఉద్యోగుల పేర్లు, పదవులు, హక్కులు గల మూలపు జాబితా ఇంట ఉండి, దాని నకలు క్షణక్షణము కాకున్నను కొద్ది నిమిషముల కొకమారు క్లౌడునకు చేరుచుండును. దీనినే 'హైబ్రిడ్' పద్ధతి యందురు.

ఈ వంతెనను నిందించుట మా ఉద్దేశము కాదు. ఏరు దాటుటకు వంతెన కావలెను. కాని వంతెన మీద ఇల్లు కట్టుకొనువాడు తెలివిగలవాడు కాడు. రెండు మూడు నెలలకని వేసిన వంతెన మీదనే కంపెనీలు యేండ్ల తరబడి నిలిచిపోవుచున్నవి. ఇట్లు నిలిచిపోవుట జాగ్రత్త అని వారు భావింతురు. అది జాగ్రత్త కాదని, రెండు పడవల మీద కాళ్లు పెట్టుట వంటిదని మా అభిప్రాయము.

నిలిచిపోవువారి వాదములను న్యాయముగా వినవలెను. మొదటి వాదము: ఇంటిలోని వస్తువు మన కన్నుల ముందుండును, పరాయి యింటిలోని దానిని ఎవరు చూచుచున్నారో మనకు తెలియదు. రెండవ వాదము: సర్వరునకు డబ్బు ఇదివరకే ఖర్చయినది, మరల నెలనెల చందా యేల? మూడవ వాదము: పాత యంత్రములు, పాత ప్రోగ్రాములు ఇంటి సర్వరు మీదనే ఆధారపడియున్నవి. జీతముల చీటీలు పంపు ప్రోగ్రాము, బిల్లులు పంపు ప్రోగ్రాము, కాగితమును స్కాను చేసి మెయిలు చేయు యంత్రము – ఇవి ఆగినచో పని ఆగును. ఈ మూడు వాదములలో ఒక్కటియు తేలికగా కొట్టివేయదగినది కాదు. మొదటి దానికి జవాబు చెప్పవలసినది అనుభవమే గనుక, ఇటీవలి అనుభవములను పరికింతము.

2021 మార్చి 2వ తేదీన మైక్రోసాఫ్టు తన ఎక్స్ఛేంజి సర్వరులో నాలుగు లోపములున్నవని, వానిని దుండగులు అప్పటికే వాడుకొనుచున్నారని ప్రకటించి, అత్యవసరముగా సవరణలను విడుదల చేసినది. కొద్ది దినములలోనే ప్రపంచమున పదివేలకొలది సర్వరులు దోపిడికి గురియైనవి. చిన్న కంపెనీలు, స్థానిక సంస్థలు, విద్యాలయములు అందు గలవు. సవరణ వేసినను, అంతకు ముందే లోనికి వచ్చిన దొంగ వదలిపోయిన దొడ్డిదారి అట్లే ఉండెను. అమెరికాలో న్యాయస్థానపు అనుమతితో ప్రభుత్వ పరిశోధక సంస్థయే వందలకొలది యంత్రములలోని అట్టి దొడ్డిదారులను స్వయముగా తొలగింపవలసివచ్చినది. గమనింపవలసిన సంగతి యేమనగా, ఈ దెబ్బ తగిలినది ఇంట ఉంచుకొనిన సర్వరులకే. క్లౌడులోని పెట్టెలకు తగులలేదు. కన్నుల ముందున్న వస్తువు పోవుచుండగా గృహస్థుడు చూడజాలకపోయెను. 'ఇంటికన్న గుడి పదిలము' అను సామెత ఆ నెలలో అనేకులకు అర్థమైనది.

అయినచో, సగము లేఖలను తరలించినవారు సగము క్షేమముగా ఉన్నారా? 2025 ఆగస్టులో దానికిని జవాబు వచ్చినది. ఇంటి సర్వరునకును క్లౌడునకును నడుమ నమ్మకము కలిగించుటకు ఒకే గుర్తింపును రెండు వైపులను వాడుచుండిరి. దానివలన ఇంటి సర్వరు మీద అధికారము సంపాదించిన దొంగ, అదే గుర్తింపుతో క్లౌడులోనికి కూడ ఎగబాకగలడని, అట్లు ఎగబాకినను జాడ సులభముగా దొరకదని వెల్లడియైనది. అమెరికా ప్రభుత్వ సైబరు రక్షణ సంస్థ ఆగస్టు 7వ తేదీన తమ శాఖలన్నిటికిని అత్యవసర ఆదేశము జారీ చేసి, ఆగస్టు 11వ తేదీ లోపల సరిచేయుమని కోరినది. అప్పటికి దుర్వినియోగము జరిగిన ఆనవాలు కానరాలేదని మైక్రోసాఫ్టు తెలిపినది. ఆ గుర్తింపును వేరుచేయు మార్గమును అదే యేడు ఏప్రిల్‌లోనే ఆ కంపెనీ చూపియుండెను. అదృష్టవశమున ప్రమాదము తప్పినదని సంతోషించుట కంటె, అది దేనిని తెలుపుచున్నదో గ్రహించుట మేలు. రెండు ఇండ్ల నడుమ తలుపు ఉన్నప్పుడు, రెండింటిలో బలహీనమైన ఇంటి గోడ యెంత బలమో రెండవ ఇంటికిని అంతే బలము. సగము వలస పోయినవాడు పాత యింటి ప్రమాదమును విడువలేదు. క్రొత్త యింటి ప్రమాదమును చేర్చుకొనెను. రెంటికి చెడ్డ రేవడి వలె ఉండుట జాగ్రత్త యెట్లగును?

ఇక రెండవ వాదమగు ఖర్చు సంగతి. ఇంటి సర్వరునకు డబ్బు ఇదివరకే ఖర్చయినదను మాట నేడు నిలువదు. ఎక్స్ఛేంజి 2016, 2019 రకములకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతు ముగిసినది. వాని స్థానమున అదే యేడు జూలైలో వచ్చినది చందా మీద నడుచు రకమే. కాబట్టి ఇంట ఉంచుకొనినను చందా తప్పదు. దానిపైన గదిని చల్లగా ఉంచు యంత్రము, విద్యుత్తు పోయినపుడు నడుపు బ్యాటరీలు, పాడైన డిస్కుల మార్పిడి, రాత్రివేళ మేలుకొను మనిషి – ఈ ఖర్చులు లెక్కల పుస్తకములో వేరువేరు పద్దుల క్రింద దాగియుండును గాని లేకపోవు. హైబ్రిడ్ పద్ధతిలో నిలిచినవాడు ఈ రెండు ఖర్చులను భరించుచున్నాడు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మేము క్లౌడు భక్తులమని పాఠకులు భావింపరాదు. క్లౌడు స్వర్గము కాదు. 2023 మే, జూన్ మాసములలో చైనాకు చెందినవారని చెప్పబడిన దుండగులు మైక్రోసాఫ్టు వారి ఒక ముద్రతాళమును సంపాదించి, దానితో దొంగ అనుమతిపత్రములు సృష్టించి, క్లౌడులోని లేఖలను చదివిరి. అమెరికా విదేశాంగ శాఖ లేఖలును అందు గలవు. ఆ దేశపు విచారణ మండలి 2024లో వెలువరించిన నివేదికలో ఇది నివారింపదగిన అపచారమని నిర్మొగమాటముగా తేల్చినది. దీనిని మొదట కనిపెట్టినది క్లౌడు యజమాని కాదు, విదేశాంగ శాఖయే. ఎవరు ఎప్పుడు ఏ లేఖను తెరచిరో తెలుపు వివరమైన చిట్టాను ఆ శాఖ అధిక రుసుము కట్టి తీసికొనియుండెను. ఆ చిట్టాను చూచు మనిషిని ఉంచియుండెను. అందుచేత దొంగతనము బయటపడినది. పరాయి యింట సొమ్ము దాచినను లెక్క చూచుకొను పని మనదేయని దీనివలన తెలియుచున్నది.

దీనికంటె మనకు దగ్గరగా జరిగిన సంగతి మరియొకటి గలదు. గుజరాత్‌లోని వాడినార్ వద్ద చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ అను భారతీయ కంపెనీలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌నకు వాటా గలదు. 2025 జూలై 18వ తేదీన ఐరోపా సమాఖ్య విధించిన ఆంక్షలలో ఆ కంపెనీ పేరు చేరినది. కొద్ది దినములకే మైక్రోసాఫ్టు ఆ కంపెనీకి తన సేవలను నిలిపివేసినది. మెయిలు తెరచుకొనలేదు. భారతీయ చట్టము ప్రకారము ఆ కంపెనీ తప్పు చేసినదని ఏ భారతీయ న్యాయస్థానమును చెప్పలేదు. చందా బాకీ లేదని కంపెనీ వాదము. అయినను తాళము పడినది. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది. జూలై 30వ తేదీ నాటికి సేవలు తిరిగి వచ్చినవి. దూరదేశములో జరిగిన నిర్ణయము ఒకటి మన దేశపు కార్యాలయములోని లేఖలపెట్టెను మూయగలదని అప్పుడు అందరును చూచిరి.

ఈ సంఘటనను చూపి, చూచితిరా, అందుకే సగము ఇంట ఉంచితిమి అని కొందరనుచున్నారు. ఈ తర్కమును మేము అంగీకరింపజాలము. సగము పెట్టెలు ఇంట ఉన్నచో క్లౌడు మూతపడినప్పుడు మిగిలిన సగమునకు ఒరిగినదేమి? పైగా నేటి హైబ్రిడ్ పద్ధతిలో ఇంటి సర్వరు, క్లౌడు ఒకే కంపెనీవి. ఆ కంపెనీతో తగవు వచ్చినచో రెండింటికిని సవరణలు, మద్దతు సందేహములో పడును. స్వాతంత్ర్యము కావలెనన్నచో దానికి వేరు ఉపాయములు గలవు. ఆ ఉపాయములకు మూలపడిన సర్వరు బదులు కాజాలదు. కనుక మా అభిప్రాయము ఇది: వలస పూర్తిగా పోవలెను, కాని కొన్ని షరతులతో పోవలెను. ఆ షరతులను ఒక్కొక్కటిగా మనవి చేయుదుము.

మొదటి షరతు పేరు. మెయిలు చిరునామాలో 'ఎట్' తరువాత వచ్చు డొమైను పేరే సంస్థకు అసలు ఆస్తి. ఆ పేరు సంస్థ పేర రిజిష్టరై ఉండవలెను. పని చేసిపెట్టిన కాంట్రాక్టరు పేరనో, ఒక ఉద్యోగి సొంత ఖాతాలోనో ఉండరాదు. లేఖలను ఏ సర్వరునకు చేర్చవలెనో తెలుపు పలక ఆ పేరునకే తగిలించియుండును. పేరు మన చేతిలో ఉన్నచో, నేడు ఒక క్లౌడు మూతపడినను రేపు పలక త్రిప్పి మరియొక క్లౌడునకు లేఖలను రప్పించుకొనవచ్చును. పేరు పోయినచో ఎన్ని లేఖలు దాచినను చిరునామా లేనివారమగుదుము. లేఖ నిజముగా మన వద్దనుండి వచ్చినదేయని తెలుపు సాక్ష్యములును ఈ పేరునకే కట్టియుండును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో లేఖలు పంపువారు ఆ సాక్ష్యములు చూపితీరవలెనని నిర్బంధించినవి.

రెండవ షరతు నకలు. క్లౌడులో ఉన్నది గనుక పోదని అనేకులు నమ్ముదురు. ఆ నమ్మిక సగమే నిజము. భవనము కాలినను లేఖ పోకుండ వారు చూతురు. కాని మన మనిషియే చెరిపివేసినచో? ఎక్స్ఛేంజి క్లౌడులో చెరిపిన లేఖ మామూలుగా 14 దినములు, ఏర్పాటు చేసికొనినచో 30 దినములు మాత్రమే తిరిగి దొరకును. ఉద్యోగి ఖాతాను తీసివేసినచో అతని పెట్టె 30 దినములు నిలుచును. ముందుగా వేరు ఏర్పాటు చేయనిచో ఆ తరువాత ఉండదు. కాబట్టి ముఖ్యమైన లేఖల నకలు వేరొక సంస్థ వద్దనో, మన వద్దనో, అదే తాళమునకు తెరచుకొనని చోట ఉండవలెను. నయారా సంఘటనకు సరియైన జవాబు ఇదియే. ఇంట ఉంచుకొనవలసినది నడుచుచున్న సర్వరును కాదు, చదువుకొనదగిన నకలును.

మూడవ షరతు పాత యింటిని నిజముగా మూసివేయుట. వలసలో కష్టమైన భాగము పెట్టెలను మోయుట కాదు. ఉద్యోగి పని చేసికొనుచుండగనే వెనుక పెట్టె నకలగుచుండును. నూటికి తొంబదియైదు వంతులు చేరిన తరువాత ఆగి, మిగిలినది చివర ఒక్కసారి చేరును. ఉద్యోగి మరల పాస్‌వర్డు ఇచ్చి లోనికి పోయినచో చాలును. కష్టమైనది ఆ తరువాతి పని. స్కాను యంత్రములు, జీతముల ప్రోగ్రాములు మొదలైనవి ఏవేవి పాత సర్వరు ద్వారా లేఖలు పంపుచున్నవో పట్టిక వ్రాసి, ఒక్కొక్కదానికి క్రొత్త త్రోవ చూపవలెను. పైన చెప్పిన మూడవ వాదమునకు ఇదియే సమాధానము. ఈ పట్టిక యెవరి వద్దను ఉండదు. గదిగదికి తిరిగి, గుమాస్తాలను అడిగి, సర్వరు చిట్టాలను చదివి తయారు చేయవలెను. పేర్ల మూలపు జాబితా ఇంట ఉన్నంతకాలము దానిని సవరించుటకు చివరి సర్వరు ఒకటి ఉండితీరవలెనను నియమము చాలకాలము అందరిని కట్టివేసినది. 2022 ఏప్రిల్‌లో నిర్వహణోపకరణములను మాత్రము ఉంచుకొని ఆ చివరి సర్వరును ఆపుకొను మార్గమును మైక్రోసాఫ్టు చూపినది. మార్గము ఉండియు ఆపనిచో, అందరును మరచిన ఆ సర్వరు మూల గదిలో సవరణలు లేక మూలుగుచుండును. దొంగకు కావలసినది అట్టి గదియే.

నాలుగవ షరతు మనుష్యులు. దీనిని గూర్చి కంపెనీల పత్రములలో తక్కువగా వ్రాయుదురు. మేము ఎక్కువగా వ్రాయదలచితిమి. వలస పూర్తియైన మరునాడు సర్వరు గదిలోని మనిషి ఏమగును? ఇరువది యేండ్లుగా పండుగనాడును సెలవునాడును ఫోను మ్రోగినచో పరుగెత్తి వచ్చినవాడు అతడే. పాత పట్టిక అతని తలలోనే ఉన్నది. అతనిని ముందే పంపివేసి వలసకు దిగు కంపెనీ, దారి చూపువానిని దించి పడవ నడుపువానివంటిది. క్లౌడు వచ్చినను పని పోదు, పని మారును. డిస్కులు మార్చుట పోయి చిట్టాలు చూచుట వచ్చును. ఎవరికి ఏ హక్కు ఉన్నది, ఎవరు ఉద్యోగము మానినను వారి తలుపు ఇంకను తెరచియున్నది, ఏ లేఖ మోసము – ఇవి చూచు మనిషి కావలెను. విదేశాంగ శాఖ ఉదంతములో దొంగను పట్టినది అట్టి మనిషియే. చందాతో ఆదా అయిన డబ్బులో ఒక భాగము పాత ఉద్యోగులకు క్రొత్త విద్య నేర్పుటకు కేటాయించనిచో, ఆ వలస లెక్కలో లాభము, నిజములో నష్టము.

ఐదవ షరతు ఒప్పందము. విడిపోవునపుడు లేఖలను ఏ రూపమున, ఎన్ని దినములలో అప్పగింతురో కలియునపుడే వ్రాయించుకొనవలెను. 2023లో మన పార్లమెంటు వ్యక్తుల డిజిటలు సమాచార రక్షణకు చట్టము చేసినది. సమాచారమును ఒరులచేత దాయించినను, దాయించిన సంస్థయే బాధ్యత వహించవలెనని ఆ చట్టపు తాత్పర్యము. ఒప్పందము చదువకుండ సంతకము చేసి, పిమ్మట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినచో ప్రయోజనము లేదు.

భారత ప్రభుత్వపు ఉదాహరణము ఇచ్చట ప్రస్తావింపదగినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులలో సుమారు 12 లక్షలమంది మెయిలు పెట్టెలు, చెన్నైకి చెందిన జోహో కంపెనీ తయారు చేసిన వేదిక మీదికి మారినవని 2025 అక్టోబరులో పత్రికలు వ్రాసినవి. చిరునామాల చివర గల ప్రభుత్వపు పేరు మాత్రము మారలేదు. యంత్రము మారినను పేరు తన చేతిలో ఉంచుకొనుట అనగా ఇదియే. ఏ కంపెనీది మేలు అను తగవులోనికి మేము పోము. పద్ధతి మాత్రము గమనింపదగినది.

ఇక మన కళాశాల వంటి సంస్థల మాట. మన వంటివారికి క్లౌడు తరచు ఉచితముగా దొరకును. ఉచితమును వలదనుట కష్టమే. కాని ఉచితమునకు గడువు ఇచ్చువాని చేతిలో ఉండును. విద్యాసంస్థలకు గూగుల్ మొదట అపరిమితముగా చోటు ఇచ్చినది. 2021లో నియమము మార్చి, 2022 జూలై నుండి సంస్థ మొత్తమునకు 100 టెరాబైట్లు అని హద్దు విధించినది. అది చిన్న సంస్థకు చాలినంత చోటే గావచ్చును. అయినను 'అపరిమితము' అను మాటకు ఆయువు ఎంతయో అందరికిని తెలిసినది.

రెండు భాషల సంస్థలమగుటచేత మనకు మరియొక ప్రత్యేకమైన చిక్కు గలదు. పాత లేఖలకు జతపరచిన ఉర్దూ ప్రతులు అనేకము ఇన్‌పేజ్ అను ప్రోగ్రాములోను, తెలుగు ప్రతులు అనేకము అను ఫాంటులలోను కూర్చబడినవి. ఇవి యూనికోడునకు పూర్వపు పద్ధతులు. పెట్టెను క్లౌడునకు చేర్చినచో ప్రతి చేరును గాని, తెరచినపుడు అక్షరములు చేరవు. ఆ ప్రోగ్రాము, ఆ ఫాంటు లేని యంత్రము మీద అందమైన ఉర్దూ గజలును, చక్కని తెలుగు వ్యాసమును అర్థము లేని గీతలుగా కనబడును. ఏ విదేశపు కంపెనీయు మన కొరకు వానిని మార్చి పెట్టదు. వలసకు ముందే అట్టి ప్రతులను వెదకి, యూనికోడులోనికి మార్చి, చదువుకొనుటకు వీలైన నకలును దానితోపాటు ఉంచవలెను. ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. రెండు లిపులును వచ్చిన విద్యార్థులు కావలెను. అట్టివారు మన కళాశాలలో ఉన్నంతగా మరియొకచోట దొరకరు.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇది. ఈ పనిని యంత్రవిద్యగా మాత్రమే నేర్వకుడు. మీట నొక్కుట ఆరు నెలలలో ఎవరైనను నేర్వగలరు. ఆ మీటయును ఐదేండ్లలో మారిపోవును. గదిగదికి తిరిగి పట్టిక వ్రాయుట, గుమాస్తా భయమును ఓర్పుతో వినుట, ఒప్పందములోని చిన్న అక్షరములను చదువుట, యజమానికి అప్రియమైన సత్యమును మర్యాదగా చెప్పుట – ఇవి మారవు. వాణిజ్యశాస్త్రము చదివినవారికిని, చరిత్ర చదివినవారికిని, భాష చదివినవారికిని ఈ వృత్తిలో చోటున్నది. ఇంగ్లీషు రాదని వెనుదీయవలసిన పనియు లేదు; ఇంగ్లీషు నేర్చుకొని, తెలుగులోను ఉర్దూలోను వివరింపగలవాడు రెండింతల ప్రయోజకుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము కొద్దిపాటిది. సంస్థ డొమైను పేరు ఎవరి పేరున రిజిష్టరైయున్నదో, దాని రుసుము కట్టవలసిన తేదీ యేదో, తాళములు ఎవరెవరి వద్ద ఉన్నవో ఒక కాగితము మీద వ్రాయించి మినిట్సు పుస్తకములో చేర్చవలెను. తాళములు ఒక్కరి వద్ద గాక ఇద్దరి వద్ద ఉండవలెను. కార్యాలయపు లేఖలు ఉద్యోగుల సొంత ఖాతాల నుండి పోవుచున్నచో, ఆ వాడుకను ఆపి సంస్థ పేరనే పంపు ఏర్పాటు చేయవలెను. క్లౌడునకు పోదలచినచో సంకోచింపక పూర్తిగా పోవలెను. పోయిన తరువాత యేటేట ఒకమారు నకలును తెరచి, లేఖలు చదువుటకు వచ్చుచున్నవో లేదో పరీక్షింపవలెను.

నేడు మన కార్యాలయమునకు చేరుచున్నవి ఒక తండ్రి తన కుమార్తె ప్రవేశము కొరకు వ్రాసిన లేఖ, ఒక విద్యార్థి తన స్కాలర్‌షిప్ కొరకు వ్రాసిన లేఖ, విశ్రాంత ఉద్యోగి తన పెన్షను కొరకు వ్రాసిన లేఖ. వారికి సర్వరు తెలియదు, క్లౌడు తెలియదు. లేఖ చేరినదా, చేరినది దొరకునా అని మాత్రమే వారు అడుగుదురు. ఆ ప్రశ్నకు ఔనని చెప్పగలుగునట్లు మన ఏర్పాట్లు ఉండవలెను.